అప్‌డేట్: చోకాయ్ సందేహం తీరింది

మొన్న అడిగాను కదా, జపాన్ హెవీ క్రూయిజర్ (పెద్ద యుద్ధనౌక) చోకాయ్ 1944 అక్టోబర్ 25న ఫిలిప్పీన్స్‌లోని సమార్ ద్వీపం దగ్గర ఎలా దెబ్బతిందని. అమెరికా చిన్న విమానవాహక నౌక వైట్ ప్లెయిన్స్ పేల్చిన 5 అంగుళాల గుండు తగిలి, చోకాయ్ సొంత టార్పెడోలే (నీటిలో దూసుకెళ్లే బాంబులు) పేలాయని నేను నమ్మాను. అది నిలబడదు. 2019లో పెట్రెల్ అనే పరిశోధన నౌక దాని శిథిలాన్ని 5 కిలోమీటర్లకు పైగా లోతులో కనుక్కుంది. టార్పెడోలు పేలకుండా అలాగే ఉన్నాయట! ఇప్పుడు మొగ్గు అంతా విమానం వేసిన బాంబు వైపే. పాత కథే బాగుండేది, ఏం చేస్తాం.

కదల్లేని ఓడను చివరికి జపాన్ డిస్ట్రాయర్ ఫుజినామీయే ముంచేసింది. బతికినవాళ్లను ఎక్కించుకున్న ఆ ఫుజినామీ కూడా రెండు రోజులకే అందరితో సహా మునిగింది. ఇది చదివాక కాసేపు ఇంకేం చదవలేకపోయాను.

1942 ఆగస్టులో సోలమన్ దీవుల్లోని సావో ద్వీపం దగ్గర నాలుగు మిత్రపక్ష క్రూయిజర్లను ముంచిన జపాన్ దళానికి చోకాయే ఫ్లాగ్‌షిప్ (దళాధిపతి ఉండే ఓడ) అని తెలుసు. తెలియనిదల్లా, అదే ఏడాది ఏప్రిల్‌లో బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ అడ్మిరల్ ఒజావా దళానికీ ఇదే ఫ్లాగ్‌షిప్ అని. 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ఆ దళంలోని విమానవాహక నౌక ర్యూజో నుంచే లేచాయి.