ఏటికొప్పాక బొమ్మలను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంపై ఏటికొప్పాక బొమ్మలను చూసినప్పటి నుండి, మా ఇంటి బొమ్మల కొలువుకు వాటిని ఏటా కొన్ని చొప్పున సేకరించాలన్న కోరిక బలపడింది. సహజమైన రంగులు వేసినవి ఎలా ఎంచుకోవాలి? కొన్నాక ఎలా కాపాడుకోవాలి?

మొదటి జవాబు: వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఊరిలో మెత్తని అంకుడు కర్రను లేత్ యంత్రంపై తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తిపెడతారు, రాపిడి వేడికి లక్క కరిగి, కర్రను అంటిపెట్టుకునే నున్నటి పూతగా మారుతుంది. నాకు ఈ పనితనమే అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుండి అక్కడ రంగులు తీస్తారు. కంటితో చూసి తేల్చడం కష్టం కనుక, వీలైతే ఆ ఊరు వెళ్ళి, తయారీని చూసి, చేసినవారి వద్దనే కొనండి.

రెండవ జవాబు: లక్కకు వేడి పడదు. దీపాలకూ ఎండకూ దూరంగా ఉంచి, పొడిగుడ్డతోనే తుడవండి.

మూడవ జవాబు: ఈ బొమ్మలకు 2017లో, ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువులుగా, భౌగోళిక గుర్తింపు (జీఐ) లభించింది, సహజ రంగులకు ప్రాచుర్యం తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. అయినా అంకుడు చెట్ల పెంపకంపై శ్రద్ధ పెట్టకపోతే ఈ గౌరవాలు కళాకారుల కడుపు నింపవని నా అభిప్రాయం.