లవ్ లెటర్ (1995, జపాన్) డీవీడీ: ఇద్దరిలో ఎవరు ఎవరో కాస్త చెప్పండి

పాత సార్టర్, విశాఖ

అందరికీ నమస్కారం. సినిమాల గురించి ఇలా రాయడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. నేను ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీస్, తపాలా శాఖలో ఒక విభాగం) 31 ఏళ్ళు ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరయినవాణ్ణి. మా ఆవిడ అమ్మాయి పురిటికని టెక్సస్ వెళ్ళి నాలుగు నెలలైంది. ఇంట్లో మిగిలింది నేనూ, కుక్కరూ.

మొన్న మూసేస్తున్న ఒక సీడీ షాపు ముందు 'ఏదైనా 40 రూపాయలు' అని బోర్డు పెట్టారు. అట్ట మీద మంచు, పేరులో ఉత్తరం. నా ఉద్యోగం అలాంటిది కాబట్టి తీసుకున్నా. షుంజి ఇవాయి అనే ఆయన డైరెక్టరట.

నాకు అర్థమైనంత వరకు కథ ఇదీ. కోబేలో హిరోకో అనే అమ్మాయి. ఆమె చేసుకోవాల్సిన అబ్బాయి ఫుజీ ఇత్సుకి, కొండెక్కుతూ ప్రమాదంలో పోయి రెండేళ్ళయింది. సంవత్సరీకం నాడు వాళ్ళింటికి వెళ్ళి, అతని స్కూల్ ఆల్బమ్‌లో పాత అడ్రసు చూసి, ఎవరూ చూడకుండా చేతి మీద రాసుకుంటుంది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, రోడ్డులో పోయింది. లేదని తెలిసే ఉత్తరం రాస్తుంది. అందులో రెండే ముక్కలు: బాగున్నారా? నేను బాగున్నాను.

తీరా జవాబు వస్తుంది! తనకూ బాగానే ఉందనీ, కాస్త జలుబు చేసిందనీ.

ఇక్కడే నాకు చిక్కొచ్చింది. లేని ఇంటికి రాసిన ఉత్తరం వెనక్కి రావాలి. రాసినవాళ్ళ అడ్రసు లేకపోతే ఆర్‌ఎల్‌ఓకి (రిటర్న్‌డ్ లెటర్ ఆఫీస్) పోవాలి, పాతరోజుల్లో డెడ్ లెటర్ ఆఫీస్ అనేవాళ్ళం. జపాన్‌లోనైనా అంతే కదా? మరి ఇది ఎవరి చేతికి, ఎలా చేరింది? సరిగ్గా ఆ సంగతి తేలే చోట టెక్సస్ నుంచి వీడియో కాల్ వచ్చింది. మనవడు ఆవలిస్తున్నాడు, చూపించారు. పాజ్ నొక్కడం మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి తెర మీద ఒకే మొహం ఇద్దరికి! ఒకామెది కోబే, ఇంకొకామెది ఉత్తరం చేరిన ఒటారు అనే ఊరు. తెర మీదున్నది కోబే ఆమెనా, ఒటారు ఆమెనా పోల్చుకోలేకపోయాను. రెండు చోట్లా ఒకేలాంటి రోడ్లు, ఒకేలాంటి ఇళ్ళు.

ఇంకో మాట. అట్ట మీద 117 నిమిషాలు అని ఉంది. నా ప్లేయర్‌లో 112కే అయిపోతోంది. మధ్యలో ఏమైనా కోసేశారా? అందుకే నాకు అర్థం కాలేదా?

కిరణ్ టీచర్, హన్మకొండ

నమస్తే సార్. మీ పోస్టు చదివి నవ్వాగలేదు, ఏమనుకోకండి. మీరు కాల్ మాట్లాడుతుండగా పోయింది సినిమా మొత్తానికి కీలకమైన ఉత్తరం.

(చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి, కథ చెప్పేస్తున్నా.)

ఆ స్కూల్లో ఒకే క్లాసులో ఇద్దరు ఫుజీ ఇత్సుకిలు. ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి. ఇంటిపేరూ అదే, పేరూ అదే. హిరోకో ఆల్బమ్ చివర చిరునామాల్లో చూసి రాసుకున్నది అబ్బాయిది కాదు, ఆ అమ్మాయిది. ఆమె ఇప్పటికీ ఒటారులో అదే ఇంట్లో, అమ్మతో, తాతయ్యతో ఉంటోంది. అంటే ఉత్తరం సరైన ఇంటికే చేరింది సార్, పోస్టల్ డిపార్ట్‌మెంట్ తప్పేం లేదు! ఆ ఇంటికొచ్చే పోస్ట్‌మన్ గేటు దగ్గర ఆమెతో మాట కలపాలని చూస్తుంటాడు, అది వేరే సంగతి.

ఇద్దరి వేషాలూ మిహో నకయామానే వేసింది. మన డబల్ రోల్ లెక్కలో చూస్తే దొరకరు. 'రాముడు భీముడు'లో మీసం, నడక, బట్టలు చూసి చెప్పేస్తాం. ఇందులో జుట్టు కూడా దాదాపు ఒకలాగే. నేను పట్టుకున్న గుర్తు ఒక్కటే: ముక్కు చీదుతుంటే ఒటారు. నిజంగా సార్, ఆ అమ్మాయికి సినిమా మొదటి నుంచీ జలుబు. హిరోకో జలుబు మందు కూడా పోస్టులో పంపిస్తుంది గుర్తుందా? ఇంకా, ఒటారు ఇత్సుకి గబగబా నడుస్తుంది, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటుంది. హిరోకో ఎప్పుడూ ఎవరి నిద్రో చెడగొడతానేమో అన్నట్టు మెల్లగా మాట్లాడుతుంది. ఆమె పక్కన గాజు పని చేసే అకిబా ఉంటాడు.

నాకు ఈ సినిమా మీద ఇంత ఎందుకంటే, మా టెన్త్ క్లాసులో ఇద్దరు కిరణ్‌లం. నేను, ఇంకో అబ్బాయి. ఇంటిపేర్లు వేరైనా సార్లకు అది పట్టేది కాదు. హాజరు పిలిచేటప్పుడు 'కిరణ్ ఆడ', 'కిరణ్ మగ' అనేవారు. క్లాసంతా గొల్లున నవ్వేది. రెండేళ్ళు ఆ అబ్బాయితో ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడితే ఇంకా ఏడిపిస్తారని. సినిమాలోనూ అంతే, ఏడిపించడానికే ఇద్దర్నీ కలిపి లైబ్రరీ డ్యూటీకి ఎన్నుకుంటారు.

మీరు మళ్ళీ చూస్తే పరీక్ష పేపర్ల సీను వదలకండి. ఇంగ్లీషు టెస్ట్ పేపర్లు దిద్ది ఇచ్చినప్పుడు పేరొకటే కావడంతో ఒకరిది ఒకరికి వెళ్తుంది. ఆ అమ్మాయి సైకిల్ స్టాండ్ దగ్గర చీకటిపడేదాకా కాచుకుని ఉంటుంది, పేపర్ మార్చుకుందామని. అబ్బాయి వస్తాడు. ఇచ్చేస్తే అయిపోతుంది కదా? ఇవ్వడు. చీకట్లో కనబడటం లేదని ఆమె చేత సైకిల్ పెడల్ తిప్పిస్తాడు. డైనమో లైటు వెలుగుతుంది, ఆ వెలుగులో రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి తాపీగా సరిచూసుకుంటాడు. ఆమె తిప్పడం ఆపితే అక్షరాలు పోతాయి. ఏం చూస్తున్నాడు అంతసేపు? తప్పులా? ఆమెకి అప్పుడు తెలియదు, మనకీ తెలియదు.

డిస్కుల డబ్బా

పాత సార్టర్ గారూ, ఏమీ కోయలేదు, నిశ్చింతగా ఉండండి. మీది పాల్ డిస్క్ అయ్యుంటుంది (పాల్ అంటే మన దేశంలో వాడే టీవీ వీడియో పద్ధతి). సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. పాల్ వీడియోలో సెకనుకు 25. చాలాసార్లు ఆ ఒక్క ఫ్రేమ్ తేడాని సర్దడానికి సినిమానే కాస్త వేగంగా తిప్పేస్తారు. 117ని 24తో గుణించి 25తో భాగించండి, 112 చిల్లర వస్తుంది. మీ లెక్కే. గొంతులు కూడా కొంచెం సన్నగా వినిపిస్తాయి, చెవికి పట్టింపు ఉంటే తెలుస్తుంది.

జపాన్ డిస్క్ అయితే ఎన్‌టీఎస్‌సీ, అంటే అక్కడి వీడియో పద్ధతి, నిడివి సరిగ్గా ఉంటుంది. కానీ డీవీడీలు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో రీజియన్ నంబర్లు పెట్టారు, జపాన్ రీజియన్ 2, మనది 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కావాలి. పైగా జపాన్‌లో అమ్మే డిస్కుల్లో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తరచూ ఉండవు, కొనేముందు అట్ట వెనక చూసుకోండి. 30 ఏళ్ళయిన సందర్భంగా 2025లో అక్కడ 4కె చేసి మళ్ళీ థియేటర్లలో వేశారు. మిహో నకయామా 2024 డిసెంబర్‌లో పోయారు, అది చూడలేదు.

సబ్‌టైటిల్స్ గురించి ఒక్క మాట. ఇంగ్లీషువాళ్ళు 'ఇత్సుకి ఫుజీ' అని తిరగేసి రాస్తారు. జపాన్‌వాళ్ళు మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. ఆ పిల్లలు స్కూల్లో ఒకరినొకరు 'ఫుజీ' అనే పిలుచుకుంటారు, అంటే ఎదుటివాళ్ళని పిలిచినా తన ఇంటిపేరే. సబ్‌టైటిల్ చదివితే ఆ తమాషా పోతుంది, చెవి పెట్టి వినండి.

దేజాన్ నుంచి

నేను కొరియాలో పీహెచ్‌డీ చేస్తున్నా, మాది గుంటూరు. రెండు ఊళ్ళూ ఒకేలా ఉన్నాయని సార్టర్ గారు అన్నారు చూశారా, కళ్ళు మోసం చేయలేదండీ. కోబేలో జరిగినట్టు చూపించిన చాలా సీన్లు కూడా ఒటారులోనే తీశారు. ఆ సినిమా జపాన్‌లో విడుదలైంది 1995 మార్చి 25న. కోబే భూకంపం అదే ఏడాది జనవరి 17న. విడుదలకి వెళ్ళి చూసినవాళ్ళకి ఆ 'కోబే' ఎలా కనిపించి ఉంటుందో అనుకుంటూ ఉంటాను.

ఇక్కడ కొరియాలో జపాన్ సినిమాల మీద చాలా కాలం నిషేధం ఉండేది. అది సడలించాక 1999లో వచ్చిన ఈ సినిమా పెద్ద హిట్. మా ల్యాబ్‌లో జపనీస్ ఒక్క ముక్క రాని ప్రొఫెసర్‌కి కూడా 'ఒగెంకి దెస్ క' (బాగున్నారా) వచ్చు, పొద్దున్నే కాఫీ కప్పుతో ఎదురైతే అదే అంటాడు. నిరుడు చలికాలం నేనూ ఒటారు వెళ్ళొచ్చా. పోస్ట్‌మన్ బండి మీద వెళ్ళే ఫునామిజాకా వాలు ఉంది, పైనుంచి చూస్తే దూరంగా సముద్రం. ఇత్సుకి ఇల్లు మాత్రం లేదు, 2007లో కాలిపోయింది.

నిజం చెప్పాలంటే మధ్యలో ఒక అరగంట నాకు నిద్రొచ్చింది. ఫ్లాష్‌బ్యాకులు ఎక్కువ, పియానో మరీ ఎక్కువ.

పాత సార్టర్, విశాఖ

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఫోన్ పక్క గదిలో పెట్టి మళ్ళీ చూశాను. ముక్కు చీదే గుర్తు అమోఘంగా పనిచేసింది, కిరణ్ మేడమ్. పాల్ లెక్క కాగితం మీద వేసి చూశా, సరిపోయింది.

దేజాన్ బాబూ, నీకు నిద్రొచ్చిన అరగంటే నాకు నచ్చింది. వయసు తేడా అయ్యుంటుంది.

పొరపాటు ఉత్తరం విషయంలో జరిగిందని మొన్న అనుకున్నాను. నిన్న చూస్తే అది చిన్న పొరపాటు. హిరోకో ఒటారు వెళ్ళినప్పుడు ట్యాక్సీ డ్రైవర్ అద్దంలో చూసి, ఇందాక అచ్చం మీలాంటి ఆమెని ఎక్కించుకున్నానంటాడు. తర్వాత రోడ్డు మీద సైకిల్‌తో ఉన్న ఆ అమ్మాయి కనబడుతుంది. హిరోకో 'ఫుజీ గారూ' అని పిలుస్తుంది. ఆమె తిరిగి చూస్తుంది గానీ, జనంలో పిలిచిందెవరో తెలియదు. అక్కడ హిరోకో మొహం చూశారా? కోబే వచ్చాక ఆల్బమ్ తీసుకుని అతని తల్లి దగ్గరికి వెళ్ళి, ఈ అమ్మాయి నాలాగా ఉందా అని అడుగుతుంది. మొదటి చూపులోనే ఇష్టపడ్డానని అతను చెప్పాడట. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్ళు బతికింది. ఇప్పుడేమో ఆ చూపు తనదేనా, ఎవరినో అనుకుని తన మీద వాలిందా? అడగడానికి మనిషి లేడు. అకిబా పక్కనే ఉన్నా, అందరూ మంచిగా చూసుకుంటున్నా, ఆ ప్రశ్న దగ్గర ఆమె ఒంటరి.

చివర్లో మంచు కొండ ముందు నిలబడి గొంతు చించుకుని 'బాగున్నారా? నేను బాగున్నాను' అని అరుస్తుంది. అటు ఒటారు ఆసుపత్రి మంచం మీద జ్వరంతో ఇత్సుకి అవే మాటలు గొణుగుతుంది. అంబులెన్స్ కోసం ఆగకుండా తాతయ్యే వీపున వేసుకుని మంచులో పరిగెత్తి ఆమెను ఆసుపత్రికి చేర్చాడు. మా నాన్న ఏ కార్డు ముక్క రాసినా 'ఉభయకుశలోపరి' అని మొదలెట్టేవారు. ఆయన ఒంట్లో బాగోలేనప్పుడు రాసినదానిలోనూ అదే మాట. సార్టింగ్ కేసు ముందు నిలబడి వేల కార్డుల మీద ఆ మాట కళ్ళబడ్డా, ఎప్పుడూ ఆగి చూడలేదు. బండి టైముకి సంచి కట్టాలి.

ఇక ఆ లైబ్రరీ కార్డు. స్కూలు పిల్లలు ఇత్సుకి ఇంటికి పాత పుస్తకం పట్టుకొస్తారు, అట్టలో కార్డు మీద ఆ అబ్బాయి రాసిన పేరు. వెనక్కి తిప్పితే చిన్నప్పటి ఆమె బొమ్మ. పిల్లలు నవ్వుతూ చూస్తున్నారు. కార్డు దాచుకుందామని జేబు కోసం తడుముకుంటుంది, వేసుకున్న బట్టలకి జేబు లేదు. ఈ సంగతి హిరోకోకి రాయలేనంటుంది. కిరణ్ మేడమ్, మీరు ఇది చెప్పకుండా వదిలేసినందుకు మళ్ళీ ధన్యవాదాలు.

డిస్కుల డబ్బా గారికి ఒక పని. మా ఆవిడ 14న దిగుతోంది. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు అంత వేగంగా చదవడం రాదు. తెలుగులో సబ్‌టైటిల్స్ మనమే రాసుకుని పెన్‌డ్రైవ్‌లో సినిమాతో కలిపి టీవీలో వేసే వీలుందా? ఎన్ని రోజులైనా కూర్చుని రాస్తాను. రెండు ఇత్సుకిలకీ 'ఫుజీ' అనే పెడతాను, తిరగేయను.