ఆటలో అరటిపండు, కొసరు గోల్స్: దీన్ని తెలుగులో ఏమందాం?

మంచుఊరి తెనాలమ్మాయి

అందరికీ నమస్కారం. ఒక మాట వెతుక్కుంటూ వచ్చాను, తిట్టకుండా చదవండి.

మేముండేది అమెరికాలో, విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో. ఇక్కడి యూనివర్సిటీ అమ్మాయిల ఐస్ హాకీ టీం అంటే ఊరందరికీ మురిపెం. 2025 దాకా ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిచారు. వాళ్ల కోచ్ మార్క్ జాన్సన్, 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టును ఓడించిన అమెరికా జట్టులో ఆడినాయనే. మా అమ్మాయికి పన్నెండేళ్లు, తనూ ఆడుతుంది. కాబట్టి చలికాలం శనివారాలు మాకు గుడీ సినిమా అన్నీ ఆ అరీనానే.

మొన్నొక మ్యాచ్‌లో చివరిదైన మూడో పీరియడ్ సగానికి మా వాళ్లు తొమ్మిదో గోల్ కొట్టారు. అవతలి వాళ్లు అప్పటికింకా ఖాతా తెరవలేదు. నేను వాళ్ల గోలీనే, అంటే గోల్ కాసే అమ్మాయినే చూస్తున్నాను. నెట్ మీదున్న నీళ్ల సీసా తీసి ఒక గుక్క తాగింది, కాస్త మొహం మీద చల్లుకుంది, స్కేట్లతో గోల్ ముందు మంచును అటూ ఇటూ గీకి సాఫు చేసుకుంది, మళ్లీ మోకాళ్లు వంచి నిలబడింది. మొదటి గోల్‌కి ఒకరి మీద ఒకరు పడి కౌగిలించుకున్న మా వాళ్లు, ఈ తొమ్మిదోదానికి గ్లవ్‌కి గ్లవ్ తాటించి ఊరుకున్నారు. నా వెనక సీటాయన మాత్రం 'రన్నింగ్ అప్ ద స్కోర్' అని సణిగాడు. గెలుపు ఖాయమయ్యాక కూడా అవసరం లేని గోల్స్ కొట్టుకుంటూ పోవడాన్ని ఇక్కడ అలా అంటారు. మెచ్చుకోలు కాదు, దెప్పిపొడుపు.

తర్వాతి వారం మా పిల్ల టీం చిత్తుగా ఓడింది. అవతలి కోచ్ మంచివాడే. ఆధిక్యం బాగా పెరిగాక, అయిదు పాస్‌లు ఇచ్చుకున్న తర్వాతే కొట్టమని వాళ్ల పిల్లలకు చెప్పాడట. కారెక్కాక మా అమ్మాయి ఏడుపు. "గోల్స్ పడ్డందుకు కాదమ్మా, వాళ్లు మాతో ఆడటం మానేశారు." ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "అంటే పిల్లల్ని ఆటలో అరటిపండు చేశారన్నమాట."

ఇప్పుడు నా ప్రశ్న. అవసరానికి మించి కొట్టడానికి తెలుగులో మాటేది? అవతలివాళ్లను అరటిపండు చేయకుండా మర్యాదగా తగ్గడానికి మాటేది? దయచేసి 'క్రీడాస్ఫూర్తి' అనకండి. అది బహుమతి ప్రదానంలో మైకు ముందు వినిపించే మాట. ఆ రాత్రి మా కారులో దానివల్ల ఉపయోగమేమీ లేదు.

కాపీడెస్క్

అమ్మా, ఇరవై ఏళ్లు స్పోర్ట్స్ పేజీ చూసినవాణ్ణి. మొదటి ప్రశ్నకు మా దగ్గర లేని మాట లేదు. చిత్తు చేశారు, మట్టి కరిపించారు, దుమ్ము దులిపారు, ఉతికి ఆరేశారు, కుమ్మేశారు, ఊచకోత కోశారు. ఒకసారి వరసగా చూడండి: పోలీసు స్టేషనూ చాకిరేవూ తప్ప ఇంకేం కనిపించవు. ఇవన్నీ కొట్టినవాడి బలం చెబుతాయి. కొట్టడం ఎక్కడ ఆపాలో చెప్పేది ఒక్కటీ లేదు.

2008 సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఏజెన్సీ వార్త వచ్చింది. వాంకూవర్ ఒలింపిక్స్ అర్హత పోటీల్లో, లాత్వియాలోని లియెపాయాలో, మహిళల ఐస్ హాకీలో బల్గేరియాపై స్లొవేకియా 82-0. టైపింగ్ తప్పనుకున్నాం, 8-2 అయ్యుంటుందని. కాదు, నిజమే. గోల్ మీదికి 139 షాట్లు, 44 సెకన్లకో గోల్. మా సబ్ ఎడిటర్ కుర్రాడు 'గోల్స్ వర్షం' అని హెడ్డింగ్ పెడితే, ఇది వర్షం కాదురా ఉప్పెన అన్నాను. అవతల కూడా పిల్లలు మంచు మీద నిలబడి ఉన్నారన్న ఆలోచనే ఆ రాత్రి ఎవరికీ రాలేదు, నాతో సహా. అదే టోర్నీలో క్రొయేషియా మీద మాత్రం బల్గేరియాకు బోణీ అయింది. 30-1.

ఇందులో ఇంకో సంగతుంది. అలా గెలిచి వాంకూవర్ వెళ్లిన స్లొవేకియాను 2010లో మొదటి మ్యాచ్‌లోనే కెనడా 18-0తో ఓడించింది. మహిళల ఒలింపిక్ హాకీలో అది రికార్డు. అప్పుడు మళ్లీ పెద్ద రగడ. ఇంత తేడా ఉంటే ఈ ఆట ఒలింపిక్స్‌లో ఎందుకన్న ప్రశ్న కూడా లేచింది.

హనుమకొండ కబడ్డీ

18-0 మీద కెనడాను అనుడు తప్పు సార్. టోర్నమెంట్‌ల పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూస్తరు. రేపు అక్కరకొస్తదని కొడ్తరు. కాలేజీ హాకీల గట్ల ఉందా అక్కా?

మంచుఊరి తెనాలమ్మాయి

లేదు తమ్ముడూ, అదే అసలు పాయింటు. కాలేజీల జాతీయ టోర్నీకి జట్లను ఎంచుకునేటప్పుడు ఎవరి మీద గెలిచావన్నదే చూస్తారు, ఎన్ని గోల్స్ తేడాతో అన్నది లెక్కలోకి రాదు. ఒకటితో గెలిచినా పదితో గెలిచినా ఒకటే. అందుకే ఆ తొమ్మిదో గోల్ దేనికని మా వెనకాయన సణుగుడు.

తేడా ఇంత ఎందుకంటారా, మొదటి డివిజన్లో ఉన్నవే నలభై పైచిలుకు జట్లు. మంచి ఆటగాళ్లు ఏటా అవే నాలుగైదు చోట్లకు చేరతారు. కొన్ని కాలేజీలు స్కాలర్‌షిప్పులు ఇస్తాయి, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ వాళ్లు ఆటకంటూ ఇవ్వరు. 2001లో జాతీయ టోర్నీ మొదలైంది. అప్పట్నుంచి 2025 దాకా, కోవిడ్‌కి ఆగిన 2020 తీసేస్తే 24 టైటిళ్లు. అన్నీ కలిపి అయిదు కాలేజీలవే. పక్క రాష్ట్రం మిన్నెసోటా అయితే 2012-13 సీజన్‌లో ఆడిన 41 మ్యాచ్‌లూ గెలిచేసింది. వరసగా 62 గెలుపుల తర్వాత గానీ ఆగలేదు. ఆపింది నార్త్ డకోటా, 2013 నవంబర్లో. ఆ నార్త్ డకోటా తన అమ్మాయిల టీంనే 2017లో ఎత్తేసింది! ఇది చర్చకు సంబంధం లేదు, కడుపుమంట ఆగక చెప్పాను.

రాజమండ్రి మేష్టారు

అమ్మాయ్, నీ మొదటి ప్రశ్నకు 'చచ్చిన పామును కొట్టడం' అని ఎవరో ఒకరు చెబుతారు. ముందే వద్దంటున్నాను. నీ గోలీ మంచు గీక్కుని మళ్లీ నిలబడింది కదా, చచ్చిన పాము ఎలా అవుతుంది? 'పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం' కూడా అంతే, అది మొదటి గోల్‌కీ వర్తిస్తుంది. నువ్వడిగింది చివరి గోల్స్ సంగతి.

నా ఓటు 'కొసరు'కు. సంతలో జామకాయలు తూచాక పైన వేసే రెండు కాయలున్నాయే, అది. గెలుపుకు కావలసినవి అసలు గోల్స్, ఆపైన కొట్టినవి కొసరు గోల్స్. 'అసలు కన్నా కొసరెక్కువ' అని సామెత ఎలాగూ ఉంది, హెడ్డింగ్‌కీ పనికొస్తుంది.

చెన్నపట్నం తెలుగు

మేష్టారూ, ఒక చిన్న మాట. కొసరు అనేది కొనేవాళ్లు అడిగి వేయించుకునేది. అందులో చనువుంది. ఓడిపోతున్నవాళ్లు 'ఇంకో రెండు వెయ్యండి' అని అడగరు కదండీ.

అరటిపండు మాటకొస్తే, మా వీధిలో తమిళ పిల్లలు అదే అర్థంలో 'ఉప్పుక్కు చప్పాణి' అంటారు. మరాఠీ పిల్లలకది 'కచ్చా లింబూ', పచ్చి నిమ్మకాయ. అన్నీ తినేవాటి పేర్లే అని రాయబోయి ఆగాను, తమిళంలో ఉప్పు ఉంది గానీ చప్పాణి అంటే కుంటివాడు. పిల్లలు అనే మాటలు కొన్ని పెద్దయ్యాక విన్నప్పుడు ఉలిక్కిపడేలా ఉంటాయి. ఈ లెక్కన మన అరటిపండే నయం. ఔటైనా ఔట్ కాదు, పట్టుకున్నా పట్టుకున్నట్టు కాదు. చిన్నపిల్లలకైతే అది గారాబం. పన్నెండేళ్ల పిల్లకు అవమానం. మీ అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు.

రాజమండ్రి మేష్టారు

చనువు సంగతి ఒప్పుకున్నాను. అయితే పెళ్లి పంక్తిలో కూర్చున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా కొసరి కొసరి వడ్డిస్తారే, ఆ కొసరడం తీసుకోండి. పెట్టేవాడికి మర్యాద, తినేవాడికి యాతన.

డాలస్ బావగారు

అందరూ కొట్టేవాళ్లంతా ఒకే మనిషన్నట్టు మాట్లాడుతున్నారు. హాకీలో మంచు మీద ఒకసారికి ఆరుగురే, బెంచీ మీద మిగతావాళ్లు. స్కోరు ఏడు దాటగానే కోచ్ స్టార్లను కూర్చోబెట్టి నాలుగో లైన్‌ను, అంటే ఎక్కువగా బెంచీ మీదుండే ఆటగాళ్లను దింపుతాడు, రెండో గోలీకి అవకాశమిస్తాడు. ఇది తగ్గడమే కదా? ఆ నాలుగో లైన్ అమ్మాయి రోజూ తెల్లారకుండా లేచి ప్రాక్టీస్‌కి వస్తుంది. ఆమెకు దొరికేదే ఆ ఎనిమిది నిమిషాలు. ఆమెను కూడా కొట్టొద్దంటారా? మా అబ్బాయి అలా రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు, అందుకే కొంచెం గట్టిగా అంటున్నాను, ఏమీ అనుకోకండి.

మంచుఊరి తెనాలమ్మాయి

బావగారూ, అనుకోను. ఇక్కడ నాకూ మతి పోతుంది. కాలేజీ వాళ్లు చాలాసార్లు శుక్రవారం, శనివారం ఒకే జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడతారు. ఇవాళ తొమ్మిది కొట్టినవాళ్ల మొహం రేపూ చూడాలి. అందుకని తగ్గడంలో పద్ధతులుంటాయి. స్టార్లు కూర్చుంటారు, అవతలివాళ్ల మూలల్లోకి వెళ్లి మీదపడటం తగ్గిస్తారు, గోల్ పడితే అరుపులుండవు. కానీ షాట్ దొరికితే కొడతారు. మా పిల్ల మ్యాచ్‌లో అవతలి కోచ్ చేసింది దీనికి తిరగేసి, కొట్టడమే ఆపించాడు. మొదటిదాంట్లో గోలీకి ఇంకా పనుంది. రెండోదాంట్లో ఆమె ఎదురుగా ఒక ప్రదర్శన జరుగుతోంది, అంతే.

కాపీడెస్క్

అక్కడి హైస్కూళ్లలో కొన్నిచోట్ల తేడా పెరిగితే గడియారం ఆపకుండా పరుగెత్తిస్తారని విన్నాను. మెర్సీ రూల్ అంటారట. దాన్ని 'దయా నియమం' అంటే ప్రార్థనామందిరంలో ఉన్నట్టుంటుంది. 'చాలింపు' ఎలా ఉంది? ఇక చాలించండి అన్న అర్థంలో.

చెన్నపట్నం తెలుగు

చాలింపు అనగానే నాకు 'తనువు చాలించారు' గుర్తొస్తుందండీ. పిల్లల హాకీకి ఎందుకా అపశకునం.

హనుమకొండ కబడ్డీ

మా ఆటల దయ అని పేరు పెట్టకుండనే పని చేసిన్రు. కబడ్డీల ఒక టీంను మొత్తం ఔట్ చేస్తే లోనా, రెండు పాయింట్లు ఎక్కువ. ఆ వెంటనే ఏడుగురికి ఏడుగురు మళ్ల లేచి లోపలికొస్తరు. ముగ్గురే మిగిలినప్పటి కన్న ఆలౌట్ అయినంకనే బలం ఎక్కువ. స్కోరు పోతది, మనుషులు వాపస్ వస్తరు. ఎవ్వలూ అరటిపండు కారు.

మంచుఊరి తెనాలమ్మాయి

తమ్ముడూ, ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. హాకీలోనూ కాస్త అలాంటిది ఉందంది. చిన్న పెనాల్టీకి రెండు నిమిషాలు ఒకరు బయట కూర్చుంటారు కదా, ఈలోగా అవతలివాళ్లు గోల్ కొడితే ఆ అమ్మాయి వెంటనే లోపలికి వచ్చేయొచ్చు. గోల్ పోయింది, మనిషి వచ్చింది.

రెండో ప్రశ్నకు ఇంకా మాట దొరకలేదు. 'తగ్గి ఆడటం' అంటే నటించినట్టుంది, 'చూసీచూడనట్టు' అంటే లంచం వాసన. ఎవరికైనా తడితే రాయండి. మొదటిదానికి మాత్రం మా ఇంట్లో మేష్టారి కొసరే స్థిరపడింది. మా పిల్లకు ఆ మాట ముందే తెలుసు, వేసవిలో అమ్మమ్మతో తెనాలి బజారుకెళ్లి జామకాయలకి కొసరు అడిగిన అనుభవం ఉంది.

నిన్న మళ్లీ అరీనాకి వెళ్లాం. మా వాళ్లు 7-1. పిల్ల వేళ్ల మీద లెక్కేస్తూ కూర్చుంది: నాలుగు అసలు, రెండు కొసరు. ఏడోది దగ్గర పేచీ వచ్చింది. కొట్టింది నాలుగో లైన్ అమ్మాయి, ఈ సీజన్లో ఆమెకు మొదటి గోలట. అయిదుకీ ఆరుకీ కదలని బెంచీ మొత్తం లేచి కర్రలతో గోడను దబదబా బాదింది. నేను కొసరన్నాను. "కాదమ్మా, అది అసలు," అంది.