నెల సెలవుకు తిరుపతి వస్తా ఉండా, చుట్టుపక్కల తిరగాల. ఎట్లా ప్లాన్ చేసుకోవాల?

ప్రశ్న (తిరుపతి, ఇప్పుడు మ్యూనిక్)

అందరికీ నమస్తే. ఉద్యోగం మీద జర్మనీకి కొత్తగా వచ్చినవాణ్ణి. డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా నెల సెలవు పెడదామని ఉంది. చుట్టాల ఇండ్ల చుట్టూ తిరిగి నెలంతా అయిపోగొట్టకుండా, అమ్మానాన్నలతో మన పాత చిత్తూరు జిల్లా చూడాలని కోరిక. రెసిడెన్స్ కార్డు రెన్యూవల్‌కు ఇచ్చినాను, కొత్తది ఇంకా చేతికి రాలేదు. యాడ మొదలుపెట్టాల?

జవాబు (పుంగనూరు, ఫ్రాంక్‌ఫర్ట్)

తమ్ముడూ, విమానం టికెట్ కొనకముందే ఆ కార్డు సంగతి తేల్చుకో. రెన్యూవల్ తెమలకముందే పాత కార్డు గడువు అయిపోతా ఉంటే ఫిక్షన్సుబెషైనిగుంగ్ అని ఒక మడత కాగితం ఇస్తారు. అందులో మూడు గడులు ఉంటాయి. ఏ గడిలో గుర్తు పెట్టినారో చూడు. జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ ఉపవిభాగం గడి అయితే పాత కార్డు హక్కులు సాగుతున్నట్టే లెక్క, దేశం దాటి పోయి తిరిగి రావచ్చు. 3వ ఉపవిభాగం గడి అయితే జర్మనీలో ఉండనిస్తుంది గానీ, బయటికి పోతే దాన్ని చూపించి లోపలికి రాలేవు. రెన్యూవల్ కాబట్టి నీకు 4వదే పడి ఉండాల, అయినా కళ్లారా చూసుకో. కాగితం మీద గడువు నీ తిరుగు ప్రయాణం దాటి ఉండాల.

ఇబ్బంది వచ్చేది చెన్నై చెక్-ఇన్ కౌంటర్ దగ్గర. కాగితాలు సరిగా లేని మనిషిని ఎక్కిస్తే జరిమానా ఎయిర్‌లైన్ నెత్తిన పడుతుంది, అందుకని అనుమానమొస్తే ఆపేస్తారు. పాత కార్డు, ఆ కాగితం, పాస్‌పోర్టు మూడూ చేతిసంచిలో పెట్టుకో, సూట్‌కేసులో వద్దు. దారిలో దిగి మారే టికెట్ కంటే నేరుగా చెన్నైకో బెంగళూరుకో వచ్చే విమానం మేలు. కాగితం చూసి తల గోక్కునే కౌంటర్లు తగ్గుతాయి. చెన్నై నుంచి మనకు 150 కిలోమీటర్లు లోపే, బెంగళూరు విమానాశ్రయం నుంచి దాదాపు 250.

సెలవు లెక్క: వారానికి ఐదు రోజుల పనికి చట్టం ఇచ్చే కనీసం ఏడాదికి 20 రోజులు, చాలా కంపెనీలు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. చేరిన ఆరు నెలలు నిండినాకే పూర్తి హక్కు. డిసెంబరు 25, 26, జనవరి 1 నీ ఖాతాలోంచి పోవు. నువ్వు బవేరియాలో ఉండావు కాబట్టి జనవరి 6 కూడా పోదు. డిసెంబరు రోజులు ఈ ఏడాది కోటాలోంచి, జనవరివి వచ్చే ఏడాది కోటాలోంచి కోస్తారు, అది ముందే హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో రాయించుకో. సెలవులో జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్ తీసుకో. అది సరిగా ఉంటే ఆ రోజులు సెలవు కింద కోయకూడదు, జర్మనీ సెలవుల చట్టంలో 9వ సెక్షన్ ఉంది దానికి. ఆ పూటే కంపెనీకి కబురు పెట్టాల.

జర్మనీ గవర్నమెంటు హెల్త్ ఇన్సూరెన్స్ ఇండియాలో పనికిరాదు. విడిగా ట్రావెల్ హెల్త్ పాలసీ తీసుకో, ఏడాది పాలసీ చవకే. సంతకం పెట్టేముందు రెండు చూడు: ఒక్క ప్రయాణానికి ఎన్ని రోజుల దాకా వర్తిస్తుంది, సొంత దేశానికి పోతే వర్తిస్తుందా. రెండోదాని దగ్గరే మనవాళ్లు మోసపోతారు.

ఆఫీసు లాప్‌టాప్ తీసుకుపోవద్దు. "రెండు రోజులు ఇంటినుంచి పని చేస్తాలే" అంటే అది సెలవూ కాదు, అనుమతి లేకుంటే పనీ కాదు.

జవాబు (శ్రీకాళహస్తి, హాంబర్గ్)

నాయనా, నువ్వు ఎంచుకున్న నెలలోనే వైకుంఠ ఏకాదశి పడొచ్చు. డిసెంబరులోనో జనవరిలోనో వస్తుంది, పంచాంగం చూసుకో. ఆ నాటి నుంచి పది రోజులు వైకుంఠ ద్వార దర్శనాలు. ఆ రోజుల్లో ప్రత్యేక వసతులన్నీ రద్దు చేస్తారు: పసిబిడ్డల తల్లిదండ్రులకు, పెద్దవాళ్లకు, ఎన్నారైలకు అందరికీ. 2025 జనవరి 8న టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు పోయినారు. అమ్మానాన్నలను పెట్టుకుని ఆ టోకెన్ క్యూల జోలికి పోవద్దు. ఆ పది రోజులు కొండ కాకుండా వేరే ఊళ్లు పెట్టుకో.

తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం 300 రూపాయల టికెట్లు దాదాపు మూడు నెలల ముందు విడుదలవుతాయి, మామూలుగా 24వ తేదీ ఉదయం 10 గంటలకు. గదులు అదే రోజు మధ్యాహ్నం 3 గంటలకు. డిసెంబరు కోటా సెప్టెంబరులో వస్తుంది, అప్పుడు జర్మనీలో ఎండాకాలపు టైము కాబట్టి నీకు పొద్దున ఆరున్నర. జనవరి కోటా అక్టోబరు 24 దగ్గర, అదీ ఆరున్నరే. గడియారం వెనక్కి తిప్పేది అక్టోబరు ఆఖరి ఆదివారం, ఆ తర్వాత ఐదున్నర అవుతుంది. లాగిన్‌కు ఓటీపీ కావాల. నీ పాత ఇండియా సిమ్ 90 రోజులు వాడకుండా వదిలితే నంబరు పోతుంది, రోమింగ్ వేసి బతికించుకో. ఇంట్లోవాళ్ల ఆధార్ నంబర్లు, పేర్లు ఒక కాగితం మీద ముందే రాసి పెట్టుకో. టైపు చేసే లోపల స్లాట్ ఎగిరిపోతుంది.

ఎన్నారైలకు సుపథం దారి అని ఒకటి ఉంది, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాల. వచ్చిన తేదీ ముద్రకు ముడిపెట్టినారు కాబట్టి దాన్ని నమ్ముకుంటే మొదటి రెండు వారాల్లోనే పెట్టుకో. పోయేముందు టీటీడీ సైటులో ఆనాటి నియమం చూసుకో, వీళ్లు మారుస్తా ఉంటారు. అమ్మానాన్నలు అందులోకి రారు, వాళ్లకు విడిగా 300 టికెట్ కావాల. కొండ మీదికి ప్లాస్టిక్ నీళ్ల సీసా వద్దు, స్టీలుదో రాగిదో. కారుకు ఫాస్టాగ్ లేకుంటే అలిపిరి చెక్‌పోస్టు దాటనివ్వరు. నడక అనుకుంటే అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2 కిలోమీటర్ల పైచిలుకు, చిన్నదే గానీ నిట్టనిలువు. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు పొడుగు దారే నయం.

మా ఊరికి వస్తే గుడి ఒక్కటే చూసి పోవద్దు, కలంకారి పని చూడు. కోరా గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాల కొవ్వు లేకుంటే రంగు గీత దాటి పాకిపోతుంది. కరక్కాయ లేకుంటే నలుపు కుదరదు: తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లు ఆ కరక్కాయ వగరు తగిలినాకే నల్లబడతాయి. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి దాంతోనే గీస్తారు. అందుకే చేత్తో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. రెండు నెమళ్లు అచ్చు ఒకేలా ఉంటే అది అచ్చు వేసిందే, పెన్ కలంకారి ధర ఇవ్వొద్దు. కొన్నది ఇంటికి తెచ్చినాక చల్లనీళ్లలో విడిగా ఉతుకు.

దారిలో ఏర్పేడు దగ్గర గుడిమల్లం ఉంది. దాదాపు ఐదడుగుల లింగం, దాని ముందువైపు నిలబడిన శివుడు: కుడిచేత పొట్టేలు, ఎడమ భుజం మీద గొడ్డలి, కాళ్ల కింద యక్షుడు. క్రీస్తుకు పూర్వపుదని పండితుల మాట. గుడి చిన్నది, గర్భాలయం చీకటి. కళ్లు అలవాటు పడేదాకా కాసేపు నిలబడు, పూజారిని అడిగి దీపం చూపించమను. శుక్రవారం తప్ప ఏరోజైనా చంద్రగిరి కోట చూడు, రాజమహల్ మ్యూజియం శుక్రవారం మూత.

జవాబు (మదనపల్లె, స్టుట్‌గార్ట్)

అక్క గుళ్లు చెప్పింది, నేను కొండలు చెప్తా. ఇల్లు తిరుపతిలో ఉంది కదా అని ప్రతిరోజూ పోయి రాత్రికి తిరిగొచ్చేటట్టు పెట్టుకోవద్దు. మదనపల్లె వైపు మూడు రోజులు బయటే పడుకో. హార్స్‌లీ హిల్స్‌ను మన పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా బెంగళూరు కార్లతో నిండిపోతుంది, సోమవారం నుంచి గురువారంలోపు పో. టూరిజం వాళ్ల గదులు ముందే బుక్ చేసుకో. జర్మనీ చలి చూసినాను కదా అని స్వెటర్ మానొద్దు. అక్కడ గదుల్లో హీటర్లు ఉండవు, రాత్రి నిజంగానే వణుకుతావు. తిరిగి వచ్చేటప్పుడు వాయల్పాడు దారిలో గుర్రంకొండ కోట కింద రంగినీ మహల్ చూడు. కోట పైకి ఎక్కడం మాత్రం పెద్దవాళ్ల పని కాదు.

తలకోన గురించి ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాకా మనకు ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరు వానలకు తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడినాయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేసినారు. కాబట్టి బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే తలకోన, సదాశివకోన, తడ దగ్గర ఉబ్బలమడుగు మూడూ ఆపేయ్. పైన వాన పడితే కింద ఎండ ఉన్నా నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. డిసెంబరు ఆఖరుకు తెరిపి ఇస్తుంది, జలపాతంలో నీళ్లు ఇంకా ఉంటాయి, అదే సరైన టైము. రాళ్ల మీద పాచి ఉంటుంది, చెప్పులతో దిగొద్దు. భాకరాపేట ఘాట్ చీకటి పడకముందే దాటేయ్.

జనవరి మొదట్లో ఒకరోజు నేలపట్టు, పులికాట్‌కు ఇవ్వు. నాయుడుపేట, సూళ్లూరుపేట మధ్యలో నేలపట్టు. చెరువు నీళ్లలో మునిగిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఆ ఏడు వాన సరిగా పడకపోతే చెరువు నిండదు, పక్షులు తక్కువ. పోయేముందు అక్కడి ఫారెస్టు వాళ్లను అడుగు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండు వైపులా పులికాట్. రాజహంసలు దూరంగా ఉంటాయి, ఫోన్ కెమెరాలో చుక్కలే పడతాయి. బైనాక్యులర్ తప్పదు.

మళ్లీ ప్రశ్న (తిరుపతి, మ్యూనిక్)

అన్నా, కారు నేనే తోలుకుంటే? ఫోన్‌తో డబ్బులు కట్టేదానికి జర్మనీ నంబరు పనిచేస్తుందా?

జవాబు (పాకాల, బెర్లిన్)

పనిచేయదు. ఎన్నారై యూపీఐకి కొన్ని దేశాల నంబర్లనే ఒప్పుకున్నారు, అందులో జర్మనీ లేదు. ఇండియా నంబరుకు ఎన్నారో ఖాతా (బయటి దేశంలో ఉండేవాళ్లకు ఇండియా బ్యాంకులో ఇచ్చే రూపాయల ఖాతా) తగిలించుకో. పాత మామూలు సేవింగ్స్ ఖాతా అట్లనే ఉంటే అది కూడా ఈ రాకలోనే ఎన్నారోగా మార్పించుకో, బయట ఉద్యోగం చేసేవాళ్లకు అది నియమం.

కారు విషయం: జర్మనీ లైసెన్సు తీసుకోనుంటే నీ ఇండియా లైసెన్సు అక్కడి లైసెన్సు ఆఫీసువాళ్ల దగ్గరే ఉండిపోయుంటుంది. చేతిలో ఏముందో చూసుకుని మాట్లాడు. నన్నడిగితే డ్రైవరుతో బాడుగ కారే మేలు. బేరం చేసేటప్పుడు కిలోమీటరు ధర ఒక్కటే అడిగి ఊరుకోవద్దు: రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు లెక్కేస్తారు, మీటరు వాళ్ల షెడ్డు నుంచా మీ ఇంటి నుంచా, డ్రైవరు బత్తా, టోలు, పార్కింగ్ ఎవరివి, వేలూరు వైపు పోతే తమిళనాడు పర్మిట్ ఎవరిది. 80 కిలోమీటర్లు తిరిగి 250కి డబ్బులు కట్టేది ఇట్లనే. చిన్న తిరుగుడికి ఆ పూటకు ఆటోనో లోకల్ ప్యాకేజీనో మాట్లాడుకో.

మదనపల్లె అన్న కొండలకు కారే చెప్పినాడు గానీ, ఒకవైపైనా రైల్లో పో. పాకాల నుంచి ధర్మవరం లైన్ మెల్లగా పోతుంది, పీలేరు, కలికిరి దాటినాక కిటికీ పక్కన కూర్చుంటే చాలు. ఒక్క చిక్కు: మదనపల్లె రోడ్డు స్టేషన్ ఊరికి దూరం, సీటీఎం అనే పల్లె దగ్గర. ఆటో ముందే మాట్లాడి పెట్టుకో.

కనుమ నాడు ఊర్లో ఉంటే చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండగ చూడు. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు, కుర్రోళ్లు లాక్కునేదానికి పడతారు. మిద్దె మీదినుంచి చూడు. సందులో నిలబడితే ఎద్దుకు నువ్వూ ఒకటే, పలక పట్టేవాడూ ఒకటే. కనుమ మరుసటి రోజు చెన్నైలో విమానం పెట్టుకోవద్దు, పండగకు వచ్చినోళ్లంతా ఆ రోజే ఆ రోడ్డెక్కుతారు.

జవాబు (పుంగనూరు, ఫ్రాంక్‌ఫర్ట్)

తిరుగు సామాను ఒకటి మిగిలిపోయింది. మాంసం పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇవన్నీ యూరోపుకు నిషేధం, పచ్చి కరివేపాకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. ఊరగాయ పరవాలేదు, సీసాకు రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టు. విమానంలో వచ్చేవాళ్లకు సుంకం లేని పరిమితి 430 యూరోలు. అమ్మ కొత్త గొలుసు పెట్టి పంపితే దాని విలువ ఈ లెక్కలోకే వస్తుంది. దాటితే దుకాణం రసీదు చేతిలో పట్టుకుని కస్టమ్స్ ఎర్ర దారిలోనే (చెప్పుకోవాల్సిన సామాను ఉన్నవాళ్ల దారి) బయటికి రా. పచ్చ దారిలో దొరికితే సుంకం మీద జరిమానా కూడా కట్టిస్తారు.