మ్యూనిక్‌కు కొత్తగా వచ్చిన పిల్లలకు ఇక్కడి అడవినీ జంతువులనూ ఎలా పరిచయం చేయాలి?

నమస్కారమండీ. పిల్లలిద్దరికీ ఇక్కడి జంతువులను ఎలా చూపించాలని మీరు అడిగారు. మొదటి ఏడాది దూరప్రయాణాలు పెట్టుకోకుండా, ఈసార్ నది ఒడ్డున ఒక చోటును ఎంచుకొని అన్ని కాలాల్లోనూ అక్కడికే తీసుకువెళ్లమని నా సలహా. ఒకే చెట్టు అక్టోబరులో పసుపెక్కి, జనవరిలో మోడై, ఏప్రిల్‌లో చిగురించడం కళ్లారా చూసిన పిల్లలకు, చలికాలంలో కొన్ని జంతువులు ఎందుకు నిద్రలోకి జారుకుంటాయో వేరే చెప్పనక్కరలేదు.

2000 నుంచి 2011 వరకు నగరంలో 8 కిలోమీటర్ల మేర ఈసార్ గట్లకున్న గట్టి కట్టడాలను తొలగించి, గులకరాళ్ల తిన్నెలు మళ్లీ ఏర్పడేలా చేశారు. అక్కడ బీవర్లు, అంటే నీటి ఒడ్డున ఉంటూ చెట్లను కొరికి పడేసే పెద్ద ఎలుకజాతి జంతువులు, ఉన్నాయి. అవి రాత్రిపూట తిరిగే జంతువులు కనుక పగలు కనిపించడం అరుదు. అయినా వాటి ఆనవాళ్లు చాలు. నీటి ఒడ్డున చెట్టు మొదలు చుట్టూ కొరికేసి, చెక్కిన పెన్సిల్ మొనలా సన్నబడి ఉంటుంది. కింద పడిన చెక్కపేళ్ల మీద పళ్ల గాట్లను పిల్లలు వేలితో తడిమి చూడవచ్చు. వేట వల్ల బవేరియాలో పందొమ్మిదో శతాబ్దంలోనే అంతరించిన ఈ జంతువును 1966 నుంచి తిరిగి తెచ్చి వదిలారని తప్పక చెప్పండి. మ్యూనిక్‌లోని పెద్ద పార్కు ఇంగ్లీష్ గార్డెన్‌లో ఉడుతలనూ చూపండి. మన ఉడుతకున్న చారలు వీటికి ఉండవు. ఒళ్లు ఎర్రగోధుమ రంగు, చలికాలంలో చెవుల కొసన పొడవైన కుచ్చులు.

చేరదీయాలని పిల్లలు ఆరాటపడతారు కనుక రెండు నియమాలు ముందే చెప్పండి. మే, జూన్ నెలల్లో గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్ల తప్పిపోయినది కాదు, తల్లి దగ్గరలోనే ఉంటుంది, దాన్ని తాకకూడదు. ఇక్కడివారు ఇగెల్ అనే చిన్న ముళ్ల జంతువు తోటలోకి వస్తే పాలు పోయకూడదు, అరగక విరేచనాలవుతాయి.

రక్తం పీల్చే గోమారుల విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. అవి మోసే వైరస్ వల్ల మెదడువాపు రావచ్చు. బవేరియా దాదాపు అంతా ప్రమాద ప్రాంతమే. పిల్లల వైద్యునితో మాట్లాడి ఈ మెదడువాపును నివారించే ఎఫ్‌ఎస్‌ఎమ్‌ఈ టీకా మూడు మోతాదులూ వేయించండి. గోమారుల వల్లే వచ్చే బొరెలియోసిస్ అనే మరో జబ్బుకు టీకా లేదు కనుక, ఇంటికి రాగానే చెవుల వెనుక, చంకల్లో, మోకాళ్ల వెనుక వెతకండి. అంటుకొని ఉంటే నూనె రాయకుండా, సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి లాగేయండి. తరువాతి వారాల్లో అక్కడ ఎర్రని వలయం పెరుగుతుంటే వెంటనే వైద్యుణ్ణి కలవండి.

మరొకరి జవాబు: పై సలహాలతో ఏకీభవిస్తూ ఒక్కటి చేరుస్తాను. ఏడాది గడిచాక బవేరియన్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానానికి వెళ్లండి. 1970లో ఏర్పడిన ఇది జర్మనీలో మొట్టమొదటిది. బెరడు పురుగు తిని చచ్చిన స్ప్రూస్ అనే సూదిఆకుల చెట్లను అక్కడ చాలా చోట్ల నరకకుండా వదిలేశారు. ఆ మోడుల నడుమ మొలిచిన కొత్త అడవిని పిల్లలకు దగ్గరగా చూపించండి. నోయ్‌షోనౌ దగ్గరి విశాలమైన ఆవరణల్లో లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి, తోడేలు, ఎలుగుబంటి ఉంటాయి, ప్రవేశం ఉచితం. ప్లాట్లింగ్‌లోనూ జ్వీసెల్‌లోనూ రైలు మారి గ్రాఫెనౌ చేరితే అక్కడి నుంచి బస్సు ఉంటుంది. వేళలు కాలాన్ని బట్టి మారతాయి కనుక ముందే చూసుకోండి.