మారిషస్‌లో హోటల్ ముందున్న ఇసుక ఎవరిది? అక్కడ పిల్లల్ని నీళ్ళలో దింపొచ్చా?

కొబ్బరాకు:

వచ్చే ఆగస్టులో మళ్ళీ మారిషస్ వెళ్తున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, మా అత్తగారు. కిందటిసారి ఫ్లిక్-ఆన్-ఫ్లాక్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఒకరోజు తూర్పు తీరం చూద్దామని బెల్ మార్ వెళ్ళి, ఒడ్డు వెంబడే నడుస్తూ ఒక పెద్ద హోటల్ ముందుకు చేరాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చాప పరిచామో లేదో సెక్యూరిటీ అతను వచ్చి "ప్రైవేట్, ప్రైవేట్" అని చేతులూపాడు. గొడవెందుకని లేచొచ్చేశాం. అత్తగారు మాత్రం దారి పొడుగునా "సముద్రాన్ని కూడా కొనేశారా వీళ్ళు" అంటూనే ఉన్నారు.

నిజంగానే అది ప్రైవేటా? ఇంకో సంగతి. బాబుకి స్విమ్మింగ్ పూల్‌లో బాగానే ఈత వచ్చు. అలలు లేవు కదా, లగూన్‌లో, అంటే ఒడ్డుకీ పగడపు దిబ్బకీ మధ్యనుండే నీళ్ళలో, వదిలేయొచ్చంటారు మావారు. నాకేమో టెన్షన్. అక్కడ ఉంటున్నవాళ్ళెవరైనా చెప్పండి.

సరుగుడుతోపు:

ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నానండీ, ఎబెన్‌లో ఉద్యోగం. మీ అత్తగారి మాటే కరెక్టు. సముద్రాన్ని ఎవరూ కొనలేదు.

పోటు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతకి కింద ఉన్న ఇసుకంతా ఇక్కడ ప్రజలది. ఆ గీతకి పైనుండే తీరపు పట్టీని 'పా జెయోమెత్రిక్' అంటారు. ఫ్రెంచివాళ్ళ కాలం నాటి లెక్క అది, వెడల్పు 81.21 మీటర్లు. దాని మీద 1895లో చేసిన చట్టం ఒకటుంది. అదీ ప్రభుత్వ భూమే. చాలా హోటళ్ళు దాన్ని లీజుకి తీసుకుని కట్టినవే. కాబట్టి పడక కుర్చీలు, గొడుగులు, పచ్చిక హోటల్‌వి. తడి ఇసుక అందరిదీ. మీ చాప ఎక్కడ పరిచారన్నదే ప్రశ్న. కుర్చీల వరసలో పరిస్తే అతను లేపడంలో తప్పు లేదు. నీళ్ళ అంచున పరిస్తే లేపే హక్కు అతనికి లేదు.

అలాగని హోటల్ గేటు తీయించుకుని లాబీలోంచి నడిచే హక్కు మనకి లేదు. ఇక్కడివాళ్ళు చేసేదేమిటంటే, దగ్గర్లో 'పబ్లిక్ బీచ్' బోర్డున్నచోట కారు ఆపుకుని ఒడ్డు వెంబడి నడిచి వస్తారు. మోం ష్వాజీ, బెల్ మార్, బ్లూ బే, లె మోర్న్, మీ ఫ్లిక్-ఆన్-ఫ్లాక్, అన్నీ అలాంటివే. వీటిని 2002 చట్టంతో ఏర్పడ్డ బీచ్ అథారిటీ చూసుకుంటుంది. ఆదివారం వెళ్ళి చూడండి, సరుగుడు చెట్ల కింద ఊరంతా అక్కడే ఉంటుంది. గిన్నెల్లో బిర్యానీ, పక్కన సెగా అనే ఇక్కడి జానపద పాటలు. హోటల్ ముందు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చోవడం కంటే నాకైతే అదే ఇష్టం.

ఇక అసలు భయపడాల్సింది మీ రెండో ప్రశ్నకి. మీవారికి కోపం రాకూడదు గానీ, అలలు లేవు కదా అన్న ఆ మాటే ఇక్కడ ప్రమాదం. దీవి చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ ఉంది. అలలు దాని మీద విరిగి నీళ్ళు లోపలికి వచ్చిపడుతూనే ఉంటాయి. వచ్చిన నీళ్ళు ఎటో పోవాలి కదా? దిబ్బకి అక్కడక్కడా ఉన్న గండ్లలోంచి పోతాయి. ఆ గండిని ఇక్కడ 'పాస్' అంటారు. బయట అలలు పెద్దవిగా ఉన్న రోజున, పోటు తీసేటప్పుడు ఆ లాగుడు ఇంకా ఎక్కువ. పైకి మాత్రం ఏమీ తెలీదు. ఒడ్డున నిలబడి చూస్తే దూరంగా తెల్లటి నురగ గీత కనిపిస్తుంది. ఆ గీత తెగి నీలం ముదిరినచోటే గండి. పిల్లల్ని దానికెదురుగా దింపకండి.

ఆగస్టులో ఇంకో చిక్కుంది. ఆ నెలల్లో ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుంది. తూర్పు తీరంలో అది మొహాన కొడుతుంది కాబట్టి జాగ్రత్త పడతాం. ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ పడమటి వైపుంది, అక్కడ అదే గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. నీళ్ళు నున్నగా ఉంటాయి, గాలి బొమ్మ మీద కూర్చున్న పిల్ల మాత్రం మెల్లగా బయటికి జారిపోతుంటుంది. మా పక్కింటివాళ్ళ పాప మొసలి బొమ్మ మీద అలా పోతుంటే నేనే పరుగెత్తాను. ఆ బొమ్మలు పూల్‌లోనే వాడండి.

హోటల్ లైఫ్‌గార్డు ఉన్నాడంటే చాలాసార్లు పూల్ దగ్గరే. కొన్ని పబ్లిక్ బీచుల్లో పగటిపూట ఉంటారు, అన్నిచోట్లా ఉండరు. ఎర్ర జెండా ఉంటే, 'బెన్యాద్ ఎంతెర్దీత్' అని బోర్డుంటే దిగొద్దనే అర్థం.

పాపకీ బాబుకీ రబ్బరు అడుగున్న నీటి బూట్లు కొనండి. సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్లు), రాయిలా కదలకుండా పడుండే 'లాఫ్' చేప ఉంటాయి. ఆ చేప ముల్లు దిగితే నొప్పి భరించలేం. కాలు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, ముంచి ఉంచి ఆసుపత్రికి వెళ్ళాలి. అంబులెన్స్ 114, పోలీసులు 999.

ఒంటిచెప్పు:

పైన చెప్పిన గండి దగ్గర నేను చిక్కుకున్నాను. మాస్కు పెట్టుకుని, తల నీళ్ళలో ఉంచి, ఒక పసుపు చేపల గుంపు వెంట పోయాను. తలెత్తేసరికి ఒడ్డున గొడుగులు బొట్టుబిళ్ళల్లా ఉన్నాయి. తిరిగి ఒడ్డుకే నేరుగా ఈదాను. పది నిమిషాలు కొట్టినా గొడుగుల సైజు మారలేదు. అప్పుడు పిక్క పట్టేసింది. వెల్లకిలా తేలి చెయ్యెత్తి ఊపుతూ ఉంటే పిరోగ్ అనే చిన్న పడవ మీద పోతున్న జాలరి ఒకాయన చూసి లాక్కున్నాడు. "ముందే తేలి ఉంటే అలిసిపోయేవాడివి కాదు" అన్నాడు. ప్రవాహానికి ఎదురు కొట్టడం దండగండీ. ఓపికుంటే అడ్డంగా ఈదాలి, లేకపోతే తేలుతూ కేక వేయాలి.

ఇప్పుడు దిగేముందు ఒడ్డున ఒక చెట్టు, దాని వెనకాల ఒక ఇంటి కప్పు ఒకే గీతలో పెట్టుకుంటాను. నాలుగైదు నిమిషాలకోసారి తలెత్తి చూస్తాను. రెండూ విడిపోతే పక్కకి కొట్టుకుపోతున్నట్టు.

గవ్వలమూట:

హక్కులు అన్ని దీవుల్లో ఒకేలా ఉండవు, అది గుర్తుపెట్టుకోండి. మాల్దీవుల్లో రిసార్టంటే దీవి మొత్తం వాళ్ళ లీజే, పిలవకుండా అడుగు పెట్టలేం. మారిషస్‌లో నన్నూ ఒకసారి ఆపారు. "నీళ్ళ అంచునే నడుస్తున్నాం" అని నవ్వుతూ చెప్పి సాగిపోయాను, అతనూ ఏమీ అనలేదు. పాపం అతని ఉద్యోగం అతనిది.

కొబ్బరాకు:

అందరికీ థాంక్స్. మావారికి చదివి వినిపించాను. మొసలి బొమ్మ దగ్గర కాస్త మౌనం. మాదీ మొసలే. అత్తగారికి గ్రి-గ్రి చూడాలనుంది, అక్కడ కాళ్ళు తడుపుకోవచ్చా?

సరుగుడుతోపు:

వద్దండీ. దక్షిణాన అక్కడ దిబ్బకి ఖాళీ ఉంది, సముద్రం నేరుగా కొండరాళ్ళకి కొడుతుంది. పైన గట్టు మీంచి చూడటమే. ఆగస్టు గాలికి చలేస్తుంది, ఆవిడకి శాలువా తీసుకెళ్ళండి.