ఎల్క్ పిలుపు వింటోంది, దగ్గరికి మాత్రం రావట్లేదు

రఘు (కొలరాడో): విల్లుతో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకి వచ్చాను, తెల్లవారుజాము నుంచి ఇదే గోల, ఓపిక అయిపోయింది. కౌ కాల్ (ఆడ ఎల్క్ పిలుపులా మోగే ఈల) ఊదితే బుల్ (మగ ఎల్క్) బ్యూగిల్‌తో (దాని పెద్ద కూత) జవాబిస్తోంది, నా వైపు వస్తోంది కూడా. 80 గజాల దగ్గర ఫర్ చెట్ల వెనక ఆగి, రెండు చెవులూ నా మీదికి తిప్పి నిలబడుతుంది. కాసేపు చూసి వెనక్కి పోతుంది. 40 గజాలు దాటితే నేను బాణం వదలను. ఇంకా గట్టిగా పిలవాలా?

సుధీర్ (మోంటానా): గాలి ఎటు? ఒక్కడివేనా?

విజయ్ (టెక్సస్): ముందు మీ విల్లు చప్పుడు చూసుకోండి బ్రో. శబ్దం సెకనుకు సుమారు 1,100 అడుగులు పోతుంది, కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) బాణం మామూలుగా 280 దాకా. 40 గజాలంటే 120 అడుగులు. నారి మోత సెకనులో పదో వంతుకే చేరుతుంది, బాణానికి దాదాపు నాలుగు రెట్లు పడుతుంది. ఈలోపు జంతువు కదిలిపోతే గాయపడి ఎటో పోతుంది. స్ట్రింగ్ సైలెన్సర్లు తప్పనిసరి.

రఘు: బాణం వదిలే దూరానికి వస్తే కదండీ!

లక్ష్మణ్ (ఇడాహో): వినిపించే దూరం వేరు, వచ్చే దూరం వేరు. రెండూ కలిపేస్తున్నారు. దానికి బాగా వినిపించబట్టే ఆగింది. పిలుపు ఏ చెట్టు దగ్గర్నుంచి వచ్చిందో చెవులతో పట్టేస్తుంది, అక్కడ ఆడ ఎల్క్ కనబడాలి. కనబడకపోతే అడుగు వేయదు. దగ్గర్లో గట్టిగా ఊదితే అనుమానం పెరుగుతుంది. ఇద్దరుంటే పిలిచేవాళ్లు విలుకాడికి 50, 60 గజాలు వెనక ఉండాలి. ఒంటరిగా ఉంటే తల వెనక్కి తిప్పి మెల్లగా పిలిచి, చప్పుడు కాకుండా ముందుకు జరగండి.

సుధీర్: మెల్లగా అని అన్నిచోట్లా కుదరదు. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, దట్టమైన అడవిలో ఇంకా ఎక్కువ. వాసన తగలకుండా ఎదురుగాలిలో కూర్చుంటాం, అదే గాలి పిలుపుని పైకి వంచేస్తుంది. దూరంగా ఉన్నప్పుడు గట్టిగానే పిలవాలి. అందుకే గాలి అడిగాను.

రఘు: ఒక్కడినే. పొద్దున గాలి లోయలోకి దిగింది, ఎండెక్కాక పైకి తిరిగింది. బుల్ పైనుంచే వస్తోంది.

సుధీర్: అయితే ఎండెక్కాక నీ వాసన గాలితో పైకి పోయింది, దాన్ని ఆపింది ముక్కే.

లక్ష్మణ్: వాసన తగిలితే చూస్తూ నిలబడదు, ఒక్క దూకులో పోతుంది.

సుధీర్: కొద్దిగా తగిలితే నిలబడుతుంది. నేను చూశాను.

రఘు: సాయంత్రం గాలి మళ్లీ దిగాక, ముందుకు జరిగి చూస్తా. థాంక్స్ అన్నా.

విజయ్: బాణం బరువు ఎన్ని గ్రెయిన్లు?